ఎదురు పేజీలోనూ లేని భాష

దసరా దాటగానే ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల కూలీ కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని తెలంగాణ ఇటుక బట్టీలకు బయలుదేరతాయి. మళ్లీ వానలకు ముందు తిరుగుముఖం పడతాయి. అక్కడి దళారి అడ్వాన్సు ఇచ్చేది ఒక్క మనిషికి కాదు, 'పథురియా'కు. అంటే ఆలుమగలూ, వాళ్ల వెంట వచ్చే పిల్లలూ కలిసిన జట్టుకు. ఊళ్లో బేరం కుదిరిన నాడే పిల్లల చేతులను కూడా లెక్కగట్టేశారన్నమాట.

ఆ చేతుల్లో పలక పెట్టాలని పెద్దపల్లి, సంగారెడ్డి, యాదాద్రి భువనగిరి జిల్లాల్లో ప్రయత్నాలు జరగకపోలేదు. 2017 ప్రాంతంలో రాచకొండ పోలీసుల చొరవతో భువనగిరి వైపు బట్టీల దగ్గరే ఒడియా బడులు నడిచాయి. పుస్తకాలు ఒడిశా నుంచే తెప్పించారు. మెచ్చదగ్గ పని. కాకపోతే ఇలాంటివి అధికారి బదిలీ అయ్యేదాకా నడిచే బళ్లు. అవి లేని చోట పిల్లవాణ్ని ఊరి సర్కారు బడిలో చేర్చి, వయసును బట్టి నాలుగులోనో ఐదులోనో కూర్చోబెడతారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పిందీ అదే. హాజరు పట్టీలో పేరెక్కితే పని అయిపోయిందనుకుంటున్నాం. మా అభ్యంతరం అక్కడే.

2022-23 నుంచి మన సర్కారు బడుల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. ఈ పిల్లవాడికి రెండూ ఒకటే. వాడు ఇంట్లో మాట్లాడేది సంబల్‌పురి. అది కటక్ పుస్తకాల ఒడియాకు కూడా ఎడంగానే ఉంటుంది. పేరు నోరు తిరగక సార్లు, తోటి పిల్లలు 'ఒరిస్సా పోరడు' అని పిలుస్తారు. పుష్య పౌర్ణమికి పశ్చిమ ఒడిశాలో పిల్లలు ఇల్లిల్లూ తిరిగి 'ఛేర్ ఛేరా' అంటూ ధాన్యం అడుగుతారు. ఆ రోజు ఇక్కడి బడిలో మామూలు రోజే. వాళ్లు తినే పఖాళ మన సద్దన్నానికి అక్కచెల్లెలు. ఆ సంగతి తరగతిలో ఒక్కసారి చెబితే పక్క బెంచీ పిల్లవాడు కాస్త దగ్గరికి జరుగుతాడు. ఎవరూ చెప్పరు. నెల తిరక్కుండా వాడు మళ్లీ మట్టి పిసుకుతూ కనిపిస్తే, 'వాళ్లకు చదువు మీద ధ్యాస లేదండీ' అనే మాట మాత్రం సిద్ధంగా ఉంటుంది.

ఈ నేలకు ఇది తెలియని బాధ కాదు. బడిలోనూ సినిమాలోనూ తన యాస నవ్వులపాలైందన్న కోపం తెలంగాణ ఉద్యమానికి ఎంత బలమిచ్చిందో అందరూ చూసిందే. కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అలాంటి చోట ఇంకొకరి యాస వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చుంటే మనకు పట్టకపోవడం విడ్డూరం.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా అదే అంటూ, 'ఆచరణ సాధ్యమైనంత మేరకు' అని ఒక తోక తగిలించింది. ఆ తోక పట్టుకునే ఇన్నేళ్లు గడిపేశారు. ముంబైలో మాత్రం నగరపాలక సంస్థ మరాఠీ, తెలుగు సహా మొత్తం ఎనిమిది మాధ్యమాల్లో బడులు నడుపుతోంది. పాలమూరు నుంచి, కరీంనగర్ నుంచి వలసపోయిన మనవాళ్ల పిల్లలు అక్కడ అ ఆలు దిద్దుకున్నారు. వాళ్లకు సాధ్యమైనది మనకెందుకు కాదు?

ప్రతి బట్టీకీ ఒడియా పంతులును తేలేకపోవచ్చు. అయితే బట్టీల్లోనే పదో తరగతి దాకా చదివిన సంబల్‌పురి యువతీ యువకులు దొరుకుతారు. అలాంటి ఒకరికి గౌరవ వేతనమిచ్చి ఊరి బడిలో తెలుగు టీచరు పక్కన నిలబెట్టవచ్చు. ఆ ఖర్చులో వాటా బట్టీ యజమాని నుంచి రాబట్టాలి. లైసెన్సు రెన్యువల్‌కు దాన్ని షరతుగా పెడితే ఎవరూ ఎగ్గొట్టరు. ఇక్కడి హాజరు, మార్కులు బలంగీర్‌లోని సొంత బడి రికార్డులోకి చేరేలా రెండు విద్యాశాఖలు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లేకుంటే ఊరికి వెళ్లిన పిల్లవాడు అక్కడా కొత్తవాడే. ఈ కాగితం పని దసరాలోపు పూర్తి కావాలి. ఆ తర్వాత రైళ్లు దిగేవాళ్లు దిగుతూనే ఉంటారు.