‘దేశవాళీ కొత్తిమీర’ విత్తనాల పొట్లం గారికి

మహారాజశ్రీ వెండిరంగు పొట్లం గారికి, నల్లగొండ నుంచి ఒక పెరటి సేద్యగాడు నమస్కరించి వ్రాయునది.

ఈ మధ్యాహ్నం మా ఇంట్లో పచ్చిపులుసు చేసుకున్నాము. మీ దయవల్ల మొలిచిన కొత్తిమీరను గుప్పెడు తరిగి, చింతపండు రసంలో ఉల్లిగడ్డతో, పచ్చిమిరపకాయలతో పాటు వేశాము. రంగు దివ్యంగా ఉన్నది. వాసన మాత్రం రాలేదు. పులుసు ఉడికించేది కాదు కనుక, ఆకు సువాసన ఆవిరైపోయిందని మీ తరఫున వాదించే అవకాశం కూడా లేకపోయింది. కాడను గోటితో గిల్లి ముక్కు దగ్గర పెట్టుకున్నా పచ్చగడ్డి వాసన తప్ప మరేదీ తగలలేదు.

మీ ముఖం మీద ‘దేశవాళీ’ అని లావుపాటి అక్షరాలు ఉన్నాయి. వాటి కిందనే, నక్షత్రం బొమ్మలో, ‘హైబ్రిడ్’ అనీ ఉన్నది. ఈ రెండూ ఒకే పొట్లంలో ఎట్లా కాపురం చేస్తున్నాయని దుకాణదారును అడిగితే, “రెండూ మంచియే సారూ” అని సెలవిచ్చాడు. గింజలకు పూసిన గులాబీ రంగు మందు గురించి గానీ, పరీక్ష తేదీ మీద మరో తేదీ అంటించిన వైనం గురించి గానీ నేనేమీ అనను. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి కనుక చెప్పుతో నలిపి, బద్దలు చేసి విత్తాలన్న ముక్క మీ వెనుక ఎక్కడా లేకపోవడాన్ని కూడా క్షమించాను.

క్షమించలేనిది ఆ వాసన సంగతి. మా పెద్దలు యాసంగిలో వేసిన కొత్తిమీర మడిలో మంచి మొక్కలను ఆకు కోయకుండా విత్తనానికి వదిలేవారు. అందరికంటే ముందు పూతకు వచ్చిన మొక్కను మాత్రం పీకి కూరలో వేసేవారు. ఆ తొందరపాటు గింజలోకి దిగితే మరుసటేడు ఆకు దక్కదని వారికి తెలుసు. గుత్తులు గోధుమరంగుకు తిరగగానే కోసి, నీడన ఆరబెట్టి, ఎండిన వేపాకు కలిపి కుండలో పోసి మూతికి గుడ్డ కట్టేవారు. ఏ మొక్కను ఉంచాలో ఏటేటా ఆకు నలిపి, వాసన చూసి తేల్చేవారు. ఎవరైనా అడిగితే దోసెడు పోసేవారు, పైసల మాటే ఉండేది కాదు. అంటే మా విత్తనాన్ని ఎంచింది ముక్కు. దూరపు మార్కెట్టు దాకా కట్ట వాడిపోకపోతే చాలునన్నట్టున్న మీ విత్తనాన్ని ఎంచింది లారీ.

రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, తిరిగి విత్తవచ్చు, ఇతరులకు పంచవచ్చునని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం చెబుతున్నది. హక్కు భద్రంగానే ఉన్నది. దాచదగిన గింజ ఏది? మీ మొక్కలలో కొన్నింటిని విత్తనానికి వదిలితే ఒకటి పూసింది, పక్కది ఇంకా పిలకగానే ఉన్నది, మూడోది పసుపెక్కి పడుకున్నది. చూడబోతే ఏ రెండూ ఒక తల్లి బిడ్డలు కావు.

మా అమ్మమ్మలు ఊరికే పంచిపెట్టినదాని పేరును అట్ట మీద అచ్చేసుకొని, లోపల దాని జాడైనా లేకుండా పైసలు గుంజుతారా? సిగ్గుండాలె!

నోరు జారినందుకు మన్నించండి. చివరిగా ఒక మనవి. మీ అట్ట మీది ఫోటోలో గుబురుగా కనిపిస్తున్న ఆ కొత్తిమీర ఎవరి పెరట్లోదో దయచేసి తెలియజేయగలరు. నాలుగు గింజలు వాళ్ళనే అడిగి తెచ్చుకుంటాను.