భోజనం చేశారా డాక్టరు గారూ?

మొన్న మా డాక్టర్ల సంఘం వార్షిక సమావేశంలో లేచి ఒక్క ప్రశ్న అడిగాను. మందుల కంపెనీలు పెట్టుకున్న స్టాళ్ల డబ్బు ఎంత వచ్చింది, ఎటు పోయింది అని. వేదిక మీదున్న పెద్దాయన నవ్వి, "మనలో మనకి లెక్కలేంటి డాక్టరు గారూ? భోజనం చేశారా?" అన్నారు. చేశాను. అది ఏ మందుల కంపెనీ పెట్టిందో బయట బ్యానర్ మీదే ఉంది.

ఇది మా ఊరి గొడవే అయితే నాకింత మంట ఉండేది కాదు. కంపెనీల దగ్గర బహుమతులు, ప్రయాణ ఖర్చులు తీసుకోకూడదని అప్పట్లో డాక్టర్ల మీద అజమాయిషీ ఉన్న మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2009 డిసెంబర్‌లో రూలు పెట్టింది. మంచి రూలే. నాలుగు నెలలు తిరిగేసరికి, 2010 ఏప్రిల్‌లో, ఆ కౌన్సిల్ అధ్యక్షుడినే లంచం కేసులో సీబీఐ అరెస్టు చేసింది. ఒక మెడికల్ కాలేజీకి సంబంధించి రెండు కోట్లన్నది ఆరోపణ.

నాకు అరెస్టు కన్నా ఎక్కువ గుచ్చుకునేది 2016 ఫిబ్రవరి నాటి గెజిట్. అంతకు ముందు ఆ రూలు డాక్టర్లకే కాదు, డాక్టర్ల సంఘాలకూ ఉండేది. 2016లో 'సంఘాలు' అన్న మాట ఎత్తేశారు. అదే సవరణలో విడి డాక్టర్లకి మాత్రం శిక్షల పట్టిక వేశారు. ఐదు వేలు దాటిన బహుమతి తీసుకుంటే కనీసం మూడు నెలలు డాక్టర్ల రిజిస్టర్‌లోంచి పేరు తీసేస్తారట. సంఘం లక్షలు తీసుకున్నా అడిగేవాడు లేడు, కౌన్సిల్ పరిధి వ్యక్తుల వరకేనన్నారు కాబట్టి. బాగుంది. మరి సంఘం చెక్కు మీద సంతకం పెట్టేదెవరు? రిజిస్ట్రేషన్ నంబరున్న డాక్టరే కదా!

2023 ఆగస్టులో ఆ కౌన్సిల్ స్థానంలో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ కంపెనీలు స్పాన్సర్ చేసే సదస్సులకు వెళ్లొద్దని కొత్త నిబంధనలు తెచ్చి, మూడు వారాలకే పక్కన పెట్టేసింది. మందులు జనరిక్ పేర్లతోనే (కంపెనీ బ్రాండు పేరు లేకుండా) రాయాలని వాటిలో ఉన్న షరతు మీద మనవాళ్ల అభ్యంతరంలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. సదస్సుల సంగతి వేరు.

నేనేమీ పెద్ద కోరిక కోరడం లేదు. ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో నోటీసు బోర్డు మీద అంటించండి. కార్యదర్శి బావమరిదికి క్యాటరింగ్ ఇస్తే ఆ ముక్క కూడా రాయండి.

నిన్న ఆడిట్ లెక్కల కాపీ కావాలని రాసిచ్చాను. రసీదు మీద స్టాంపు వేయడానికి ఆఫీసు కుర్రాడు భయపడ్డాడు. పాపం, అతని జీతమూ ఆ ఖాతాలోంచే వస్తుంది.