చదివి ఇస్తానన్నా ఇయ్యరాదు

పైసలు పెట్టి కొన్న పుస్తకాన్ని బామ్మర్దికి ఇచ్చే అధికారం నాకు లేదని ఈ మధ్యనే తెలిసింది. దేవరకొండ నుంచి ఫోన్ చేసి, "బావా, గా నవల చదివి ఇస్త, పంపియ్యరాదె" అన్నాడు. ఇప్పటిదాకా పట్టుకుపోయిన పుస్తకాల్లో ఒక్కటీ తిరిగి తేలేదన్నది వేరే ముచ్చట. బామ్మర్ది అన్నాక ఆ మాత్రం చనువు ఉంటది. ఆ నవల ఉన్నది ఇ-రీడర్‌లో, అంటే పుస్తకాలు చదువుకునే చిన్న యంత్రంలో. తెరిచి చూస్తే, చదవడానికి మీట ఉంది, చెరిపెయ్యడానికి మీట ఉంది, ఇంకోటి కొనడానికైతే ఎటు చూసినా మీటలే. ఇయ్యడానికి మాత్రం లేదు. కస్టమర్ కేర్ అమ్మాయి చాలా మర్యాదగా వివరించింది: "సార్, మీరు పుస్తకం కొనలేదు. చదువుకోవడానికి అనుమతి కొన్నారు."

ఇందులోని ధర్మసూక్ష్మాన్ని పాఠకులు గ్రహించాలి. పుస్తకం చేతులు మారితే లోకం పాడవుతుంది. ఈ విషయంలో అమెరికా వాళ్లు కొంత దయ చూపారు. అమెజాన్ 2010 చివర్లో తన ఇ-రీడర్ అయిన కిండిల్ వాడే అక్కడి పాఠకులకు ఒక వరమిచ్చింది: పుస్తకాన్ని స్నేహితుడికి 14 రోజులు అరువియ్యవచ్చు, కాకపోతే ఒక పుస్తకాన్ని జన్మలో ఒక్కసారే. ఆ 14 రోజులూ కొన్నవాడు దాన్ని తెరవడానికి ఉండేది కాదు. అదంతా ప్రచురణకర్త సరేనంటేనే ఉండేది. గ్రంథాలయాల విషయంలో హార్పర్‌కాలిన్స్ 2011లో ఇంకో మంచి పద్ధతి పెట్టింది. ఇ-పుస్తకాన్ని 26 మార్లు అరువిస్తే దానికి ఆయుష్షు తీరుతుంది, లైబ్రరీ మళ్లీ కొనుక్కోవాలి. మన జిల్లా గ్రంథాలయంలోనేమో అట్ట ఊడి, మొదటి పదహారు పేజీలు రాలిపోయి, హంతకుడెవరో ఏ పుణ్యాత్ముడో పెన్సిల్‌తో పక్కన రాసిపెట్టిన డిటెక్టివ్ నవల ఇంకా బతికే ఉంది. క్రమశిక్షణ లేని పుస్తకం.

కాబట్టి నా ప్రతిపాదన ఏమిటంటే, ఈ నిబంధనలను పాలమూరు బస్టాండ్ దగ్గరి చాయ్ హోటల్‌తో మొదలుపెట్టాలి. అక్కడ పొద్దున్నే ఒక్క పేపర్ వస్తుంది. మెయిన్ ఒకరి చేతిలో, జిల్లా పేజీలు ఇంకొకరి చేతిలో, ఆటల పేజీ కౌంటర్ మీద. ఒక్క చందాకు అంతమంది పాఠకులు! పట్టపగలు దోపిడీ.

ఇకపై ఇట్లా జరగాలి. పేపర్ ముట్టుకోగానే ఓటీపీ వస్తుంది. చందా హోటలాయన కొడుకు పేరు మీద ఉంది, కొడుకు పుణెలో మేస్త్రీ పనిలో మూడో అంతస్తు మీద ఉన్నాడు. ఆయన దిగి నంబర్ చెప్పేదాకా చాయ్ చల్లారాలి. పేపర్ తెరుచుకున్నాక మొదటాయన చదువుతుంటే మిగతావాళ్లు వరుసలో కూర్చోవాలి. పక్కాయన భుజం మీదుగా తొంగి చూశాడో, పేజీ నల్లబడాలి. ఇక అక్షరం రాని పెద్దమనిషికి రిటైర్డ్ సారు రోజూ వార్తలు చదివి వినిపిస్తాడే, ఆ నేరం ముందు ఆపాలి. నవ్వకండి. 2009లో కిండిల్ కొత్త మోడల్ పుస్తకాన్ని పైకి చదివి వినిపిస్తుంటే, అమెరికా రచయితల సంఘం ఆథర్స్ గిల్డ్ అభ్యంతరం చెప్పింది. వినిపించే హక్కు వేరట, దాని బేరం వేరట. అమెజాన్ తలొగ్గి, ప్రచురణకర్త వద్దన్న పుస్తకానికి గొంతు మూసేసింది. కనుక మన సారు కూడా లోలోపలే చదువుకోవాలి. వాన పడతదో లేదో పెద్దమనిషి ఆయన మొహం చూసి తెలుసుకోవాలి. మిర్చి బజ్జీ పొట్లం కట్టిన కాగితం మీద వార్త కనబడితే దానికి వేరే లైసెన్సు. చాయ్ వన్ బై టూ సంగతి వచ్చే సమావేశంలో చర్చిద్దాం.

ఇదంతా విని కూడా "ఏ రీడర్ కొనాలె సారూ" అని అడిగేవాళ్లున్నారు. ఈపబ్ అనేది ఇ-పుస్తకాలకు అందరికీ తెరిచిన ఫార్మాట్, దాదాపు అన్ని రీడర్లూ దాన్ని నేరుగా చదువుతాయి. కిండిల్ దాన్ని సొంత ఫార్మాట్‌లోకి మార్చుకుంటే గానీ ముట్టదు. సరే, ఆ మడి ఆచారం వాళ్లిష్టం. అసలు తమాషా తెలుగు దగ్గర ఉంది. 2016 డిసెంబర్‌లో అమెజాన్ కిండిల్ మీదికి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలను ఆర్భాటంగా తెచ్చింది. మనం పంక్తిలో కూర్చొని విస్తరి చూసుకుంటుంటే వడ్డన మన పక్క నుంచే వెళ్లిపోయింది.

తప్పంతా వాళ్లదే అందామంటే అదీ కుదరదు. మన పుస్తకాలు చాలావరకు పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ (అన్ని యంత్రాలూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కాని అను ఫాంట్లలో తయారైనవి. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి చూడండి, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసి పూనకం వచ్చినట్టు ఊగుతాయి. దాన్నుంచి ఈపబ్ ఎక్కడ చేస్తారు? అందుకే పీడీఎఫ్. ఆరంగుళాల తెర మీద పుస్తకం పేజీ మొత్తం పెడితే ఒత్తులు నలుసులైపోతాయి. పెద్దది చేస్తే వాక్యం సగం తెర బయటికి పోతుంది. అటు జరిపి, ఇటు జరిపి, కథలో పెళ్లి అయిందో ఆగిందో తెలిసేలోపు కళ్లద్దాల నంబర్ మారుతుంది.

అన్నీ ఓర్చుకోవచ్చు. అరువియ్యరాదనే మాట దగ్గరే నాకు కాలుతది. ఈ గడ్డ మీద సభ పెట్టుకోవాలంటే ముందు సర్కారు అనుమతి తేవాలని నిజాం గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చిండు. ఆ జమానాలనే నల్లగొండ నుంచి 1922ల 'నీలగిరి' పత్రిక ఎల్లింది. తెలంగాణల కవులే లేరన్నోళ్లకు జవాబుగ సురవరం ప్రతాపరెడ్డి 1934ల 354 మంది కవులను ఒక్క సంచికల కూర్చి చూపెట్టిండు. ఆయన మా పాలమూరు బిడ్డ. అప్పుడు ఊర్లల్ల గ్రంథాలయాలు పెట్టినోళ్లు దేనికి పెట్టిండ్రు? ఒకరి చేతిల పుస్తకం ఇంకొకరి చేతికి పోవాలెననే గదా! ఇయ్యాల్టికి గూడ ఇంటిపన్నుల రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నం. అరువియ్యడానికి నా దగ్గర పన్ను వసూలు చేస్తరు, నేను అరువిస్తనంటే దొంగను చూసినట్టు చూస్తరు. హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో, కాపీ చెయ్యకుండ పుస్తకానికి ఏసిన డిజిటల్ తాళం తీస్తే రెండేండ్ల దాకా జైలని 2012ల కాపీరైట్ చట్టానికి 65ఏ సెక్షన్ చేర్చిండ్రు. మరి అమ్మినోడు దుకాణం మూసుకొని పోతే? మైక్రోసాఫ్ట్ 2019ల ఇ-పుస్తకాల దుకాణం మూసి, పైసలు వాపస్ ఇచ్చి, కొన్నోళ్ల పుస్తకాలన్నీ మాయం జేసింది. దానికి ఏ సెక్షన్ పెట్టిండ్రు?

క్షమించాలి, గొంతు పెరిగింది. విషయానికొస్తాను. అనుమతి నా ఒక్కడి పేరు మీదే ఉంటుందని, దాన్ని ఇంకొకరికి బదిలీ చేయరాదని కూడా షరతుల్లో ఉంది. అందుకని వీలునామా ఇట్లా రాయించాను. చెక్క బీరువాలోని పుస్తకాలు పిల్లలకు. రీడర్‌లోని పుస్తకాలు చట్టప్రకారం నాతోపాటే కాలధర్మం చెందుతాయి. పాస్‌వర్డ్ మాత్రం రేషన్ కార్డు జిరాక్సు వెనక రాసి బామ్మర్దికి ఇచ్చాను. కంపెనీ వాళ్లు కేసు పెట్టదలిస్తే నా మీద నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు. నోటీసు అందుకోవడానికి మాత్రం ఇంట్లో ఉండను.