సంగీతం పిల్లలకు 75 శాతం అటెండెన్స్ రూల్ ఎందుకు సరిపోదంటే

వీణ నేర్చుకునే పిల్లల ఎడమ చెయ్యి ఎప్పుడన్నా దగ్గర్నుంచి చూసిండ్రా? చూపుడు వేలు, నడిమి వేలు కొసల మీద తీగెలు కోసుకుపోయి గీతలు పడి ఉంటయ్, నూనె, తీగె మసి కలిసి ఆ గీతలు నల్లగా అయితయ్, ఎంత రుద్ది కడిగినా పోవు. హన్మకొండలో మా ఇంటికి ఆదివారాలు పాఠానికి వచ్చే ఒక అమ్మాయి పొద్దంతా డిగ్రీ కాలేజీలో ఉంటది. అడ్మిషన్ అప్పుడు బయోమెట్రిక్ మెషిన్‌లో ఎడమ చూపుడు వేలే ఎక్కించిండ్రు, ఇప్పుడు ఆ వేలి మీద ముద్ర సగం అరిగిపోయింది, పొద్దున మూడు సార్లు పెట్టినా తీసుకోదు, వెనక లైన్ పెరుగుతుంటే పక్కకు జరగమంటరు, క్లాసుకు టైమైతుందని ఈ పిల్ల పోయి కూర్చుంటది. అట్ల పోయిన రోజులు ఒక్క సెమిస్టర్‌లో పదకొండు లెక్క తేలినయ్. క్లాసులో కూర్చున్న పిల్లకు పదకొండు రోజులు ఆబ్సెంట్. ఆఖరికి కుడి బొటనవేలు ఎక్కించుకున్నరు అనుకోండి, కానీ పోయిన రోజులు పోయినట్టే.

ఈ పిల్ల సంగతి చూసినంక ఈ అటెండెన్స్ రూల్ గురించి రాయాలనిపించింది, ఎందుకంటే నేను కూడా దీంట్లో పడి లేచిన దాన్నే.

రూల్ అందరికీ తెలిసిందే. సెమిస్టర్‌కు సుమారు 90 పని దినాలు, అందులో 75 శాతం ఉండాలె, అంటే 68 రోజులు. కొంచెం తక్కువుంటే డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి కండోనేషన్ ఫీజు, అంటే తక్కువైన రోజులను మాఫీ చేసే ఫీజు, కట్టాలె, ఇంకా తక్కువుంటే డిటెయిన్, పరీక్ష రాయనియ్యరు. ఈపాస్ స్కాలర్‌షిప్‌కు కూడా ఆ 75 శాతమే లెక్క కాబట్టి పేదింటి పిల్లలకు ఇది పరీక్ష ఒక్కదానితో పోయేది కాదు, ఫీజు కూడా ఆగుతది. చరిత్ర, కామర్స్ లాంటి సబ్జెక్టులకు ఈ లెక్క బాగానే ఉంటదేమో, పోయిన క్లాసు నోట్స్ దోస్తు దగ్గర తీసుకుని రాసుకోవచ్చు. సంగీతానికి వచ్చేసరికి ఇదే రూల్ ఒక దిక్కు మరీ వదులైతది, ఇంకో దిక్కు మరీ బిగుసుకుంటది.

వదులు ఎక్కడో ముందు చెప్తా. వారానికి రెండు గాత్రం క్లాసులు ఉన్నయనుకోండి, 15 వారాలకు 30 క్లాసులు. 75 శాతం అంటే ఏడు క్లాసులు ఎగ్గొట్టినా పిల్లగాడు సేఫ్. ఏడు క్లాసులంటే మూడున్నర వారాలు, ఆ టైమ్‌లో ఒక వర్ణం (కర్ణాటక సంగీతంలో ఒక పెద్ద పాఠం) మొత్తం అయిపోతది, పల్లవి, అనుపల్లవి, ముక్తాయి స్వరం, చరణం, చిట్టస్వరాలు, అన్నీ. అంటే సిలబస్‌లో ఒక వర్ణం అసలు చెవిన పడకుండానే ఆ పిల్లగాడు రూల్ ప్రకారం రెగ్యులర్ స్టూడెంట్.

పోయిన నెల మా ఇంట్లో జరిగింది చెప్తా. ఆరుగురు పిల్లలు, అట తాళ వర్ణం, అంటే తాళం ఒక్క చుట్టుకు (ఆవర్తనానికి) 14 అక్షరాలు (తాళం లెక్కలు), ఐదు ఐదు రెండు రెండు. అందులో ఒకతను చుట్టాల పెళ్లిళ్లని రెండు ఆదివారాలు రాలే. మొదటి కాలం ఎట్లనో లాక్కొచ్చిండు, రెండో కాలం, అంటే రెట్టింపు వేగం, మొదలుపెట్టంగనే ఎత్తుగడ దొరకలే, పక్కనున్న అమ్మాయి నోరు చూసుకుంట అర అక్షరం వెనక పాడుతున్నడు, అది చెవిలో పడి ఆ అమ్మాయి కూడా జారింది, ముక్తాయి స్వరం దగ్గరికి వచ్చేసరికి గదిలో ఒక్కొక్కరు ఒక్కో అక్షరం మీదున్నరు, నేను తొడ మీద తాళం ఆపేసిన. ఆ గంట మొత్తం మళ్ల మొదటి కాలానికే పోయింది. రెండు వారాలు రానిది ఒకడు, గంట పోగొట్టుకున్నది ఆరుగురు. బృందంగా పాడే క్లాసుకు, పక్కవాద్యంతో చేసే క్లాసుకు 75 శాతం చాలదు అని నేను అనేది ఇందుకే, అక్కడ 90 ఉండాలె, ఈ మాట అంటే పిల్లలు నా మీద కోపానికి వస్తరని తెలిసే అంటున్న.

ఇగ బిగింపు సంగతి. వరంగల్ చుట్టుపక్కల సంగీతం అంటే కర్ణాటక సంగీతం ఒక్కటే కాదు కదా. ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతికి మొదలైతది, ఉగాది దాకా నడుస్తది, కొమురవెల్లి కూడా అంతే, ఆదివారాలు వస్తే జనం నిలవడానికి జాగ ఉండదు. మల్లన్న కథలు చెప్పి పూజలు చేసే ఒగ్గు పూజారుల ఇండ్లల్లో పిల్లగాండ్లు ఆ మూడు నెలలు తండ్రుల వెంట డోలు పట్టుకుని పోవాల్సిందే, దేవుని ముందు పట్నం (రంగుల ముగ్గు) వేసేటప్పుడు పసుపు, కుంకుమ, బియ్యప్పిండి అందియ్యాలె, రాత్రంతా కథ నడుస్తుంటే వంత పాడాలె. ఆదివారం రాత్రి మొదలైన కథ తెల్లారినంక ఒడుస్తది, సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు క్లాసులో ఎవరు కూర్చోగలుగుతరు? సెకండ్ సెమిస్టర్, మల్లన్న సీజన్ రెండూ ఒకదాని మీద ఒకటి పడతయ్. సన్నాయి, డోలు వాయించే ఇండ్లల్లో మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాలు కూడా అంతే, మూఢాల్లో పెళ్లిళ్లుండవు కాబట్టి ఉన్న ముహూర్తాలల్లోనే ఏడాది తిండి సంపాయించుకోవాలె.

జనగామ జిల్లా గడ్డం సమ్మయ్య గారికి చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ వచ్చింది, కొత్తగూడెం దిక్కు సకిని రామచంద్రయ్య గారికి కోయ డోలు కళకు 2022లో వచ్చింది. ఆ కళలన్నీ రాత్రి పూట ఆటలల్ల, జాతరలల్ల నేర్చుకున్నయే. అసొంటి ఇంటి పిల్లగాడు అదే పని మీద పోతే రిజిస్టర్‌లో "ఏ" పడుతది. దేశం పద్మశ్రీ ఇచ్చే పనికి కాలేజీ ఆబ్సెంట్ వేయడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. దాదాపు ఎనిమిది వందల ఏండ్ల కింద ఇదే గడ్డ మీద కాకతీయుల గజసేనాని జాయప నృత్తరత్నావళి అనే నాట్య గ్రంథం రాసిండు, ఎనిమిది అధ్యాయాలల్ల నాలుగు మార్గానికి (శాస్త్రం ప్రకారం ఆడేది) ఇస్తే నాలుగు దేశికి (జనం ఆడేది) ఇచ్చిండు, జనం ఆడే ఆటలకు శాస్త్రంతో సమానంగా సగం పుస్తకం. మన అటెండెన్స్ రిజిస్టర్‌లో దేశికి ఒక్క కాలమ్ కూడా లేదు.

నా సంగతి కొంచెం చెప్తా. డిగ్రీ చదివేటప్పుడు శరన్నవరాత్రులల్ల గుళ్లో వాయించిన, తర్వాత కార్తీక మాసంలో కొన్ని ప్రోగ్రాములు పడ్డయ్, పర్సెంటేజ్ 70 దాకా దిగింది. లేని జ్వరానికి సర్టిఫికెట్ తెచ్చుకో అని కాలేజీలోనే సలహా ఇచ్చిండ్రు, తెచ్చి ఫీజు కట్టిన. అదే ఏడు మా క్లాసులో యూనివర్సిటీ తరఫున ఆటలకు పోయినోళ్లకు, ఎన్‌సీసీ క్యాంపుకు పోయినోళ్లకు అటెండెన్స్ కలిపిండ్రు, అది న్యాయమే, వాళ్ల మీద నాకు ఏం లేదు. కానీ వీణ వాయించి వచ్చిన దాన్ని జ్వరమొచ్చిందని రాసుకోవాల్సి వచ్చింది కదా, ఆ కాగితం మీద సంతకం పెట్టిన రోజు ఇంటికొచ్చి వీణ ముట్టలే.

ఇంకోటి కూడా మర్చిపోవద్దు, మన దగ్గర సంగీతం చదివేటోళ్లలో చానామంది రెండు చదువులు మోస్తరు. వరంగల్ విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో నాలుగేళ్ల సర్టిఫికెట్, తర్వాత రెండేళ్ల డిప్లొమా, వేరే చదువు పక్కన పెట్టుకునే చానామంది చేరుతరు. డిగ్రీ క్లాసు నాలుగింటికి ఒడిస్తే ఉరుక్కుంట రావాలె, పరకాల, నర్సంపేట దిక్కు పోయే పిల్లలు క్లాసు సగంలో ఉండంగనే బస్సు కోసం గడియారం చూస్తుంటరు. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ అయినంక మా దగ్గరికి ఊర్ల నుంచి వచ్చే అమ్మాయిలు పెరిగిండ్రు, చార్జీల బాధ తప్పింది గానీ చీకటి పడితే ఇంట్లో భయం తప్పలే.

అమెరికా యూనివర్సిటీల మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ల రూల్స్ కొన్ని చదివిన, అక్కడ బృంద వాద్యం క్లాసుకు చెప్పకుండా రాకుంటే గ్రేడ్ తగ్గుతది, కచేరీ ముందు ఆఖరి రిహార్సల్ తప్పితే కొన్ని చోట్ల ఏకంగా ఫెయిల్. గురువు దగ్గర ఒంటరి పాఠానికి రాలేకపోతే ఒక రోజు ముందు చెప్పాలె, గురువే రాకుంటే ఆ పాఠం మళ్ల చెప్పే బాధ్యత గురువుదే. గొంతు బాగలేనోళ్లు పాడకుండా కూర్చుని విన్నా హాజరే. సెమిస్టర్‌కు ఇన్ని కచేరీలు వినాలె అని లెక్క పెడతరు, ఆఖర్లో నలుగురు మాస్టర్ల ముందు వాయించి చూపించాలె. అన్నీ మనకు పనికొస్తయని కాదు, అక్కడ జాతర సీజన్ లేదు. కానీ ఒంటరి పాఠం వేరు, బృందం వేరు, వినడం వేరు అని విడదీసి చూసిండ్రు, అది మనం తీసుకోవచ్చు.

మన దగ్గర చేయాల్సింది పెద్ద ఖర్చు పనేం కాదు. వేలిముద్ర ఉంటే ఉండనీ, దానితో పాటు ప్రతి పిల్లకు ఒక పాఠం పుస్తకం పెట్టాలె, ఈ రోజు ఏ స్వరం దాకా చెప్పిన అని మాస్టర్ సంతకం చేయాలె, దాంతో మాస్టర్ వచ్చిండా లేదా అనేది కూడా తెలుస్తది. మృదంగం సారు పోస్టు ఖాళీగా ఉన్న చోట పిల్లల పర్సెంటేజ్ అడిగే హక్కు ఎవరికుంది చెప్పండి? ఇగ జాతరకు, కచేరీకి పోయినోళ్లకు ఆన్ డ్యూటీ ఇయ్యాలె, అంటే క్లాసులో ఉన్నట్టే లెక్క పెట్టాలె, యూజీసీ లెక్క ప్రకారమే ప్రాక్టికల్‌లో 30 గంటలకు ఒక క్రెడిట్, మరి రాత్రంతా డోలు కొట్టినోడు ఎన్ని గంటలు చేసినట్టు?

దొంగ లెటర్లు తెస్తరు అంటరు, నిజమే, తెస్తరు. అందుకే లెటర్ ఒక్కటే చాలదంటున్న, వచ్చినంక క్లాసు ముందు పది నిమిషాలు అక్కడ వాయించింది వాయించి చూపియ్యాలె, పోనోడు అక్కడనే దొరికిపోతడు. డోలు దెబ్బ దొంగ లెటర్‌తో రాదు. పైసల కోసం పెళ్లి ఆర్కెస్ట్రాలల్ల తిరుగుతరు అనేటోళ్లకు నేను చెప్పేది ఒకటే, తిరగనీయండి, నాలుగు గంటలు కీబోర్డు వాయించి ఇంటికి ఐదు వందలు తెచ్చే పిల్లగాన్ని తప్పు చేసినోని లెక్క నిలబెట్టొద్దు, కానీ బృందం క్లాసు తప్పితే మాత్రం ఆ పాఠం మళ్ల నేర్చుకున్నదాకా పరీక్షకు పంపొద్దు.

మొన్న ఆదివారం ఆ వీణ అమ్మాయికి రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి ఇచ్చిన. మొదటి పేజీలో తారీఖు వేసి "ముక్తాయి స్వరం, రెండో కాలం, మూడో ఆవర్తనం దగ్గర ఆగుతుంది" అని రాసి సంతకం పెట్టిన, కింద తను కూడా పెట్టింది. సెమిస్టర్ ఒడిసినంక ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరం వాళ్ల కాలేజీకి పోయి ప్రిన్సిపాల్‌ను కలుద్దాం అనుకున్నం.