గుర్రుమనే మోత

నేను కామాక్షమ్మ గారి పక్షం. ఆ సంగతి ముందే చెప్పేస్తే రమణయ్య గారికి అన్యాయం చేశాననే మాట ఉండదు. నెల్లూరు మూలాపేటలో వాళ్ల మేడ మీది వాటాలో అద్దెకు ఉంటున్నాను. కింద మాట్లాడితే పైన నా కంచం దాకా వినిపిస్తుంది. ఆ రాత్రి మొదట వినిపించింది మడత మంచం ఈడ్చిన చప్పుడు.

“వసారాలో మంచం ఎందుకు వేస్తున్నావు కామాక్షీ?”

“బయట పెడితే పీడ వదులుతుందన్నారుగా. పెట్టుకుంటున్నాను.”

“ఎవరన్నారు?”

“మీరే. పొద్దున అబ్బాయితో ఫోనులో. పప్పు కడుగుతూ ప్రతి మాటా విన్నాను. ‘లోపల ఉన్నంత కాలం గుర్రుమంటూనే ఉంటుందిరా’ అన్నారా లేదా?”

“అన్నాను. ఉంది కాబట్టి అన్నాను.”

“‘పగలు ఫరవాలేదు, రాత్రి ఊరు సద్దుమణిగాక భరించలేకపోతున్నాను’ అన్నారా?”

“నిజమేగా!”

“‘పాతదైపోయింది, ఇక దానికి మరమ్మతు దండగ’?”

“పదేళ్లు దాటింది. దండగే.”

“పదేళ్లా? 36 ఏళ్లు! లెక్క కూడా మరిచిపోయారు. పైగా, ‘3,000 పెడితే అరచేతిలో పట్టేంత చిన్నది వస్తుంది, నోరెత్తదు’ అని మురిసిపోయారు. తెచ్చుకోండి. దానికి చేపల పులుసు పెట్టడం వచ్చో రాదో కనుక్కుని మరీ తెచ్చుకోండి.”

ఇక్కడ రమణయ్య గారు ఒక్కసారి నవ్వి ఉంటే గొడవ తేలిపోయేది. ఆయన పాఠం మొదలుపెట్టారు.

“నేను చెప్పింది సౌండు కార్డు గురించి! కంప్యూటర్ పెట్టెలో ఫ్యాన్లు, డిస్కు, ప్రాసెసరు అన్నీ ఒకే చోట కరెంటు లాగుతుంటాయి. ఆ అలజడి పక్కనే ఉన్న సౌండు చిప్పుకు అంటుకుంటుంది. అంకెలను శబ్దంగా మార్చే పని ఆ పెట్టెలో కాకుండా, బయట యూఎస్‌బీ తీగకు తగిలించిన చిన్న డబ్బాలో జరిగితే ఆ గోల తగ్గుతుంది. ఆ డబ్బాను డ్యాక్ అంటారు.”

“పేరు కూడా పెట్టేశారన్న మాట.”

“అయ్యో రామా! నీ గురక సంగతి నేనెక్కడ ఎత్తాను?”

“గురక అనే మాట ఇంతవరకు నా నోటి నుంచి రాలేదు. మీ నోటి నుంచే వచ్చింది.”

పైన నేను అన్నం కలపడం ఆపేశాను.

“అది కాదు కామాక్షీ. సీడీలో సెకనుకు 44,100 సార్లు కొలిచిన శబ్దం ఉంటుంది. మన బాలు చరణం ఎత్తుకునే ముందు పీల్చే ఊపిరి కూడా అందులో ఉంటుంది. సరిగ్గా ఆ ఊపిరి దగ్గర ఈ మోత అడ్డం పడితే…”

“ఆయన ఊపిరి వినడానికి ఇన్ని పాట్లు. పక్కన పడుకున్న మనిషి ఊపిరి వినిపిస్తే మాత్రం మోత.”

“మళ్లీ అక్కడికే వస్తావు!”

“రాను. బయటే ఉంటాను. పోయిన నెలంతా ఎర్తు బాగా లేదని ఆ గుంటలో నా చేత ఉప్పు పోయించారు, బొగ్గు పోయించారు, బియ్యం కడిగిన నీళ్లు కూడా అక్కడే పోయించారు. నా కరివేపాకు చెట్టు ఎండింది. ఆ గుంట ఇవాళో రేపో చిగురు వేస్తుంది. ఇక స్పీకర్ల కింద నా ఆవకాయ జాడీలు!”

“ట్వీటరు, అదే స్పీకర్లో సన్నని శబ్దాలు పలికే భాగం, చెవి ఎత్తులో ఉండాలి. రెండు స్పీకర్లూ, నా కుర్చీ సమాన దూరంలో త్రిభుజంలా ఉండాలి. మూలకు నెడితే బేస్ ఉబ్బిపోతుంది.”

“ఆ త్రిభుజంలో నా కుర్చీ ఏదీ?”

“రెండో కుర్చీ వేస్తే ఇద్దరిలో ఎవరూ మధ్యలో ఉండరు. పాట ఒక పక్కకు జరిగిపోయినట్టు వినిపిస్తుంది.”

“ఇన్నేళ్లూ నేనే జరిగాను. పాట కూడా కాస్త జరిగితే తప్పేమీ లేదు.”

“దోమలు కుడతాయి. లోపలికి రా.”

“కుట్టనివ్వండి. ఎర్తు లేకుండానే పాడతాయి. వచ్చే రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో దిగుతాను. ఉద్యోగ రొట్టె ఉంది, పెళ్లి రొట్టె ఉంది. గురక రొట్టె ఎవరైనా ఇస్తారేమో అడుగుతాను.”

“కోరిక తీరినవాళ్లే రొట్టె ఇవ్వాలి. గురక తగ్గిన మనిషి ముందు నెల్లూరులో దొరకాలిగా!”

ఆ రాత్రి ఆయనకు దక్కిన గెలుపు ఇదొక్కటే. కాదనను, బాగానే అన్నారు. ఆ ఆనందంలో పాట పెట్టుకున్నట్టున్నారు, కిటికీ లోంచి పాటా మోతా కలిసి పైకి వచ్చాయి. అంతలోనే పాట ఠక్కున ఆగిపోయింది.

“అక్కడ ఏమిటి పీకుతున్నావు?”

“ఫ్యాను తీగ వసారా దాకా అందేది కిటికీ పక్క ప్లగ్గు నుంచే.”

“అందులో యాంప్లిఫయరు ఉంది!”

“దాన్ని మీ కంప్యూటర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులోనే గుచ్చాను. అక్కడ ఖాళీగానే ఉంది. ఏడవకండి, మళ్లీ పెట్టుకోండి.”

పాట మళ్లీ మొదలైంది. ఎందుకో ఆయనే ఆపారు. చాలాసేపు ఏమీ వినిపించలేదు.

“కామాక్షీ! మోత ఏదీ?”

“నేనింకా నిద్రపోలేదు.”

“అది కాదు! మోత పోయింది! కంప్యూటర్ ఆ గోడ నుంచి, యాంప్లిఫయరు ఈ గోడ నుంచి కరెంటు తీసుకుంటున్నాయి. రెండు ఎర్తులూ ఆడియో తీగతో కలిసి ఒక పెద్ద చుట్టు అయింది. మన 50 హెర్ట్జ్ కరెంటు ఆ చుట్టులోంచి పాటలో దూరింది. గ్రౌండ్ లూప్! నువ్వు రెండింటినీ ఒకే బాక్సులో గుచ్చేసరికి చుట్టు పోయింది.”

“అంటే, నేను గుంటలో పోసిన ఉప్పు?”

ఆయన పలకలేదు.

“పోనీ, ఆ చిన్నది?”

“బయలుదేరింది. రేపు వస్తుంది. వెనక్కి పంపేద్దామా? మౌసు కదిపినప్పుడు సన్నగా కిర్రుమంటుంది, దానికైతే పనికొస్తుంది…”

“రానివ్వండి. పేరు పెట్టాక వెనక్కి పంపకూడదు.”

“సరే, లోపలికి రా. రెండో కుర్చీ వేస్తాను.”

“పాట పక్కకు పోతుందిగా?”

“పోనీ.”

“అంత త్యాగం వద్దు. మీరు లేవండి, మధ్యలో నేను కూర్చుంటాను. వెనక నిలబడి వినండి.”

మంచం మళ్లీ ఈడ్చిన చప్పుడు. ఈసారి ఈడ్చింది ఆయనే, గడపకు తగిలించి మరీ. తర్వాత పాట వచ్చింది. మోత లేదు, పైకి కూడా మాట మాటా తెలుస్తోంది. పల్లవి అయింది. చరణం వచ్చే చోట రమణయ్య గారి గుసగుస.

“ఇదిగో, ఇప్పుడు… వినిపించిందా ఊపిరి?”

“వినిపించింది. మీదే. కాస్త అవతలికి జరగండి.”