చప్పట్ల తర్వాత పదహారేళ్ళు

సమాన వేతనం మీద సినిమా ఏదైనా చెప్పమంటే చాలామంది 'మేడ్ ఇన్ డాగెన్‌హామ్' పేరే చెప్తారు. 2010లో వచ్చింది. మంచి సినిమానే, కాదనను. శాలీ హాకిన్స్ కనిపించినంతసేపూ చూపు తిప్పుకోలేం. కానీ అది చూసొచ్చి "భలే గెలిచారు కదా ఆడవాళ్ళు" అనేవాళ్ళను చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

అసలు జరిగింది వినండి. 1968 జూన్‌లో తూర్పు లండన్‌లోని డాగెన్‌హామ్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో కార్ల సీటు కవర్లు కుట్టే 187 మంది ఆడవాళ్ళు మిషన్లు ఆపేసి బయటికొచ్చారు. సీట్లు లేని కారు ఎవరికి అమ్ముతారు? కంపెనీకి చెమటలు పట్టాయి. మూడు వారాలయ్యాక బ్రిటన్ మంత్రి బార్బరా కాజిల్ వాళ్ళను పిలిచి మాట్లాడి రాజీ కుదిర్చింది. మగవాళ్ళ రేటులో 85 శాతం వస్తున్న జీతం 92 శాతానికి పెరిగింది. 1970లో సమాన వేతన చట్టం కూడా వచ్చింది. సినిమా అక్కడితో ముగుస్తుంది, మనం కళ్ళు తుడుచుకుని లేస్తాం.

అయితే వాళ్ళు మొదట రోడ్డెక్కింది ఈ శాతాల కోసం కాదు, గ్రేడు కోసం. వాళ్ళు చేసేది నైపుణ్యం అక్కర్లేని పని అని కంపెనీ 'బి' గ్రేడులో పడేసింది. మాకు 'సి' గ్రేడు రావాలి అన్నది అసలు గొడవ. 1968లో అది రాలేదు. 1984లో మళ్ళీ సమ్మె చేస్తే గానీ రాలేదు! చప్పట్లు కొట్టించుకున్న ఆ 92 శాతం కూడా తక్కువ గ్రేడు లెక్కలోనే.

సినిమాకు ఈ సంగతి తెలియక కాదు. యాజమాన్యంతో మీటింగ్‌లో రీటా (శాలీ హాకిన్స్ వేసిన పాత్ర) సీటు కవరు ముక్కలు తీసి బల్ల మీద పెట్టే సీను గుర్తుందా? ఏ ముక్క దేనికి అతకాలో చూసుకుని, కొలత కాగితం లేకుండా కంటి అంచనాతో కుట్టాలి, అదీ మా పని అని వాళ్ళ ముఖం మీదే చెప్తుంది. మొత్తం సినిమాలో నాకు నచ్చిన నిమిషం అదే. ఎందుకంటే సమాన పనికి సమాన జీతం అంటే ఏ యజమానీ కాదనడు, ఆ పని సమానం కాదంటాడంతే. కుట్టుపని ఆడవాళ్ళకు పుట్టుకతోనే వస్తుంది కదా, దానికి మళ్ళీ నైపుణ్యం ఏమిటి అంటాడు. మోసమంతా అక్కడే ఉంది. కానీ గ్రేడుల పట్టిక మీద రెండు గంటల సినిమా ఎవరు తీస్తారు? అందుకే రీటా అనే ఒక్క నాయకిని కల్పించారు. ఆ పేరుతో అక్కడ ఎవరూ లేరు, చాలామందిని కలిపి ఒకరిని చేశారు.

మొగుడి సీను ఒక్కటి మాత్రం వంద మార్కులు. నేను రోజూ తాగి తిరగను, నిన్ను గానీ పిల్లల్ని గానీ ఎప్పుడూ కొట్టలేదు అని గొప్పలు పోతాడు. ఉండాల్సింది అలాగే కదా, అందులో నీ ఘనత ఏముంది అని ఆమె నిలదీస్తుంది. ఆ డైలాగు రాసినవాళ్ళకు దండం.

1980 నాటి '9 టు 5' పైకి కామెడీయే గానీ, నన్నడిగితే దీనికంటే నిజాయితీ అందులోనే ఎక్కువ. ఆఫీసులో పనిచేసే వయొలెట్ ఐడియాలను బాస్ తనవిగా చెప్పుకుంటాడు, ఆమెకు రావాల్సిన ప్రమోషన్ అనుభవం తక్కువున్న మగవాడికి పోతుంది. తర్వాత బాస్‌ను కట్టిపడేసి ముగ్గురాడవాళ్ళూ ఆఫీసును మార్చేస్తారు. చివర్లో పెద్ద ఛైర్మన్ వచ్చి అన్నిటినీ తెగ మెచ్చుకుంటాడు. పిల్లల సంరక్షణ కేంద్రం బాగుంది, పని వేళలు బాగున్నాయి, ఆ సమాన జీతం మాత్రం తీసేయండి అంటాడు. హాయిగా నవ్వుతూ! ప్రొడక్షన్ పెంచేవన్నీ ముద్దు, జేబులోంచి తీయాల్సింది మాత్రం చేదు.

ఇక లిల్లీ లెడ్‌బెటర్ మీద కూడా 2024లో సినిమా వచ్చింది. ఆవిడ గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీలో 19 ఏళ్ళు పనిచేసింది. ఎవరో పేరు రాయకుండా పెట్టిన చీటీ చూశాకే తెలిసింది, అదే హోదాలో ఉన్న ముగ్గురు మగవాళ్ళకు తనకంటే ఎక్కువ వస్తోందని. ఆవిడ కేసు వేస్తే 2007లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఏమందంటే, జీతం నిర్ణయించిన 180 రోజుల్లోపే ఫిర్యాదు చేయాల్సిందట. తెలియని విషయం మీద ఎలా చేస్తారండీ? 2009లో ఆమె పేరుతో చట్టమైతే వచ్చింది, ఆమె చేతికి మాత్రం పైసా రాలేదు. అరిచే విలన్‌ను చూపించడం కెమెరాకు తేలిక. మూసి ఉన్న జీతాల ఫైలును ఎలా చూపిస్తారు?

ఆ ఫైలు సినిమావాళ్ళ దగ్గర కూడా మూసే ఉంటుంది. 2017లో 'ఆల్ ద మనీ ఇన్ ద వరల్డ్' సినిమాలో కొన్ని సీన్లు మళ్ళీ తీశారు. అందరూ ఉచితంగానే చేశారని దర్శకుడు చెప్పుకున్నాడు. తర్వాత పత్రికలు బయటపెట్టాయి, నటుడు మార్క్ వాల్‌బర్గ్‌కు 15 లక్షల డాలర్లు, నటి మిషెల్ విలియమ్స్‌కు రోజు ఖర్చులన్నీ కలిపినా వెయ్యి డాలర్లు కూడా లేదు. ఇద్దరి తరఫునా మాట్లాడే ఏజెన్సీ ఒక్కటే. గొడవయ్యాక అతను ఆ డబ్బును ఆమె పేరు మీద విరాళం ఇచ్చాడు, అందరూ శభాష్ అన్నారు.