పాప్-అప్ తెచ్చిందెంత, తినేసిందెంత

ఆన్‌లైన్ దుకాణం తెరుచుకోగానే పాప్-అప్ అనే ఓ పెట్టె అడ్డం పడుతుంది: ‘మీ ఈమెయిల్ ఇవ్వండి, మొదటి ఆర్డరుపై 10 శాతం తగ్గింపు పొందండి’. సరుకు ఇంకా కంటపడలేదు, ధర తెలియదు. తగ్గింపు దేనిమీదో తెలియని మనిషి చేసే మొదటి పని × గుర్తు వెతుక్కోవడం. పెట్టె పెట్టినవారి డ్యాష్‌బోర్డు మాత్రం కళకళలాడుతూనే ఉంటుంది. ఇంతమంది ఈమెయిల్ ఇచ్చారు, కూపన్ వాడి ఇంత కొన్నారు అని చూపిస్తుంది. కూపన్ లేకపోయినా వీరిలో కొనేవారెందరో అది చెప్పదు. పాప్-అప్ పనిచేస్తోందో లేదో తేలాల్సింది ఆ అంకె దగ్గరే.

లెక్క వేసి చూద్దాం. 100కు అమ్మే వస్తువు మీద 40 మిగులుతోందనుకుంటే, 10 శాతం తగ్గించాక మిగిలేది 30. కొనేవారంతా కూపన్ వాడితే, పాత లాభం నిలవడానికే అమ్మకాలు మూడో వంతు పెరగాలి. సగం ఆర్డర్లకే కూపన్ పడినా ఏడో వంతు పెరగాలి. అమ్మకాలు 5 శాతం పెరిగాయని మురిసిపోయే దుకాణం ఈ రెండు సందర్భాల్లోనూ నష్టపోతున్నట్టే.

ఇది తెలియాలంటే వచ్చేవారిని యాదృచ్ఛికంగా రెండుగా విడగొట్టి, ఒక వర్గానికి పాప్-అప్ అసలు చూపకూడదు. ఆపైన రెండు వర్గాల్లో ఒక్కో సందర్శకుడి మీద మిగిలిన స్థూల లాభాన్ని, అంటే అమ్మిన ధరలో సరుకు ఖరీదు పోగా మిగిలినదాన్ని, పోల్చాలి. దీనికి ఓపిక కావాలి. నూటికి ఇద్దరు కొనే సైట్‌లో ఆ రేటు 2 నుంచి 2.2 శాతానికి పెరిగిందని గట్టిగా చెప్పాలంటే ఒక్కో వర్గంలో దాదాపు 80 వేల మంది ఉండాలి. నెలకు కొన్ని వేల మంది వచ్చే చోట బటన్ రంగు మార్చి వారంలో ఫలితం ప్రకటించడం బొమ్మాబొరుసు వేయడమే. అలాంటివారు పెద్ద తేడాలనే పరీక్షించాలి: తగ్గింపు ఉంటే ఎలా, లేకుంటే ఎలా, పాప్-అప్ ఉంటే ఎలా, లేకుంటే ఎలా.

ఎన్ని సెకన్లకు చూపాలన్నది అందరూ అడిగే ప్రశ్న. మనిషి ఏం చేశాక చూపాలన్నది అంతకన్నా పనికొచ్చే ప్రశ్న. రెండో వస్తువు పేజీ తెరిచినా, ఒక విభాగాన్ని సగానికి పైగా చూసినా ఆసక్తి ఉన్నట్టు. కార్ట్, చెకౌట్, చెల్లింపు పేజీల్లో మాత్రం ఏ పెట్టే రాకూడదు. డబ్బు తీస్తున్న చేతిని ఆపి చిరునామా అడిగే వ్యాపారి ఉండడు కదా! లాగిన్ అయినవారికీ, మన ఈమెయిల్‌లోని లింకు నొక్కి వచ్చినవారికీ ఈమెయిల్ అడిగే పెట్టె చూపడం మరీ చిన్నతనం. ఆ లింకుకు ఒక గుర్తు తగిలిస్తే వారిని పక్కన పెట్టడం సులువు.

వెళ్లిపోతున్నవారిని ఆపే పాప్-అప్‌కు ఉన్న పేరు దాని పనితనానికి మించింది. కంప్యూటర్‌లో అది మౌస్ బాణం కిటికీ పైఅంచు దాటడాన్ని పట్టుకుంటుంది. ఫోన్‌లో బాణమే లేదు కాబట్టి వేగంగా పైకి స్క్రోల్ చేయడాన్ని చూసి ఊహిస్తుంది. అలా పైకి వచ్చేవారిలో చాలామంది మెనూ కోసమో వెతుకుడు పెట్టె కోసమో వస్తారు. వెళ్లబోతే తగ్గింపు దొరుకుతుందని ఒకసారి తెలిసిన కొనుగోలుదారు ప్రతిసారీ వెళ్లబోతాడు, అది వేరే సంగతి. ఇక బ్యాక్ బటన్‌ను అడ్డుకోవడమైతే దౌర్జన్యమే.

ఒకసారి మూసినవారికి 30 రోజులు మళ్లీ చూపొద్దని సెట్టింగ్ పెడతారు. అయినా వారం తిరగ్గానే మళ్లీ వచ్చిందని ఫిర్యాదులొస్తాయి. కారణం తరచుగా ఆపిల్ వారి సఫారీ బ్రౌజర్. పెట్టె మూసిన సంగతి గుర్తుండేది కుకీలో, అంటే బ్రౌజర్ దాచుకునే చిన్న చీటీలో. పేజీలో నడిచే కోడ్ (జావాస్క్రిప్ట్) రాసిన కుకీని అది 2019 నుంచి 7 రోజులకు మించి ఉంచడం లేదు. ఆ కుకీని దుకాణం సొంత సర్వర్ నుంచి పంపితే ఈ బెడద చాలావరకు తీరుతుంది.

ఒకప్పటి పాప్-అప్ వేరే కిటికీలో తెరుచుకునేది. 1990ల చివర్లో, జనం సొంత వెబ్‌పేజీలు పెట్టుకునే ట్రైపాడ్ సంస్థలో ఆ కోడ్ రాసిన ఈథన్ జుకర్‌మన్ 2014లో అందుకు క్షమాపణ కూడా చెప్పారు. బ్రౌజర్లు ఆ కిటికీలను అడ్డుకోవడం మొదలుపెట్టాక పెట్టె పేజీలోనే పొరగా చేరింది. మామూలు పాప్-అప్ నిరోధకం దీన్ని ఆపదు. సెర్చ్ ద్వారా ఫోన్‌లో పేజీకి వచ్చీరాగానే అసలు విషయాన్ని కప్పేసే పెట్టెలుంటే ఆ పేజీ ర్యాంకు తగ్గవచ్చని గూగుల్ ప్రకటించింది. 2017 జనవరి 10 నుంచి అది అమల్లోకి వచ్చింది. కుకీ అనుమతి, వయసు నిర్ధారణ పెట్టెలకూ, కొద్ది చోటు తీసుకునే బ్యానర్లకూ మినహాయింపు ఉంది. అందుకే ఫోన్‌లో తెర అడుగున సన్నని పట్టీ చాలు. అది పేజీని జరపకుండా పైన తేలాలి. జరిపితే, పేజీ ఎంత కదులుతోందో గూగుల్ చూసే కుదుపు కొలతలో (సీఎల్‌ఎస్) మార్కులు పోతాయి.

ఫోన్‌లో ఇంకో రెండు పొరపాట్లు తరచూ కనిపిస్తాయి. ఈమెయిల్ గడిలో అక్షరాలు 16 పిక్సెల్స్ కన్నా చిన్నవైతే ఐఫోన్‌లో వేలు పెట్టగానే పేజీ జూమ్ అవుతుంది. కీబోర్డు లేవగానే మూసే గుర్తు తెర దాటిపోతుంది. ఆ గుర్తుకు, వెబ్‌పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం అడిగే కనీస కొలత 24×24 పిక్సెల్స్, కానీ బొటనవేలికి 44 ఉంటేనే హాయి. కంప్యూటర్‌లోనైతే ఎస్కేప్ మీట నొక్కితే పెట్టె మూసుకోవాలి, కీబోర్డు ఫోకస్ తిరిగి పాత చోటికే చేరాలి. హెచ్‌టీఎంఎల్‌లోని డైలాగ్ ట్యాగ్‌ను మోడల్ (modal) పద్ధతిలో, అంటే వెనక పేజీని తాకనివ్వకుండా, తెరిస్తే ఈ రెండు పనులూ బ్రౌజరే చూసుకుంటుంది, అయినా సొంతంగా కట్టి పాడుచేసేవారే ఎక్కువ.

కుకీ అనుమతి, చాట్ బుడగ, నోటిఫికేషన్ అభ్యర్థన, తగ్గింపు పెట్టె, ఒక్కోటి ఒక్కో టూల్ నుంచి వస్తాయి. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. వాటన్నిటికీ ఒకే వరస పెట్టి, ఒకటి మూశాకే ఇంకొకటి రానివ్వాలి. నోటిఫికేషన్ అభ్యర్థన అన్నిటికన్నా చివర. ఒకసారి ‘బ్లాక్’ నొక్కారంటే, వారే సెట్టింగ్ మార్చుకునేదాకా సైట్ మళ్లీ అడగలేదు.

అందరికీ ఒకే కూపన్ కోడ్ ఇస్తే రోజుల్లోనే కూపన్ సైట్లకెక్కుతుంది. మనిషికో కోడ్, ఒక్కసారే చెల్లేలా ఇవ్వాలి; అది దానంతటదే కార్ట్‌లో పడాలి. కోడ్‌ను ఈమెయిల్‌కే పంపితే దొంగ చిరునామాలు తగ్గుతాయి, కానీ ఇన్‌బాక్స్‌కు వెళ్లినవారు తిరిగి వస్తారన్న నమ్మకం లేదు. కోడ్ తెర మీదే ఇచ్చి, చిరునామా నిర్ధారించినవారికే ఆ తర్వాత మెయిళ్లు పంపడం మేలు. జీమెయిల్‌కు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారి స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం లోపే ఉండాలని 2024 ఫిబ్రవరి నుంచి నిబంధన. తగ్గింపు కోసం అయిష్టంగా ఇచ్చిన చిరునామాలే ఆ శాతాన్ని పెంచుతాయి. ‘వద్దు, నాకు డబ్బు ఆదా చేయడం ఇష్టం లేదు’ అని రాసిన బటన్లు, పేజీ తిరిగి తెరిస్తే మొదటికొచ్చే ఆఫర్ గడువు గడియారాలు కూడా అటువంటి చిరునామాలనే పోగుచేస్తాయి.

తగ్గింపు లేకుండా లాభం తెచ్చే పెట్టెలు వేరే ఉన్నాయి. కావలసిన సైజు అయిపోయినప్పుడు ‘వచ్చాక చెప్పండి’ అన్న బటన్ నొక్కితే తెరుచుకునే ఈమెయిల్ గడి వాటిలో మొదటిది. కొలతల పట్టిక, ఆ ఊరికి సరుకు ఎన్నాళ్లకు చేరుతుందో చెప్పే పెట్టె కూడా అలాంటివే. ఇవి నొక్కినవారికే తెరుచుకుంటాయి, అడ్డం పడవు, మార్జిన్‌లో పైసా తినవు. కొత్తగా పాప్-అప్ పెట్టాలనుకునే దుకాణం వీటితో మొదలుపెట్టి, తగ్గింపు పెట్టెను ఆ తర్వాతే, అదీ చూపని వర్గాన్ని పక్కన పెట్టుకుని ప్రయత్నించాలి.